నవ్వొచ్చే చోటు

ఆదివారం పంది వాటాల్లో ఎతువాతి ఇంటికి రావలసిన ముక్క రాలేదు. సముద్రం మధ్య దీవి మీది ఊరు వాయితోమాలో పందిని కోస్తే తల ఎవరిది, నడుం ఎవరిది, వెనక తొడ ఎవరిది అన్నది తాతల నాడే తేలిపోయిన సంగతి. ఎతువాతిది ఊరి పెద్దల్లో చిన్న బిరుదు, వాటా కూడా పక్కటెముకల దగ్గర చిన్న ముక్కే. కానీ అది రాకపోతే ఆ పూట ఇంట్లో మాంసం తగ్గిందని కాదు అర్థం. ఊరు ఆ ఇంటిని మనుషుల్లోంచి తీసేయడం మొదలుపెట్టిందని అర్థం.

పట్నంలో, ఆపియాలో, బడిపంతులమ్మగా ఉన్న అతని చెల్లెలు మోయెలంగికి ఈ సంగతి ఫోన్‌లో చెప్పింది వదిన సూలా.

"అంతా నీ పుస్తకం తెచ్చిన తంటా మోయే. మీ అన్నయ్య నోరు విప్పడు. కంచం ముందు కూర్చుంటాడు, అలాగే లేచిపోతాడు. నిన్న ఇంటి కప్పు మీద రాళ్లు పడ్డాయి. పిల్లకాయలేమో అనుకుని కర్ర పట్టుకుని బయటికొచ్చానా, పిల్లకాయలు కాదమ్మా, మీసాలొచ్చిన మగాళ్లు! నన్ను చూసి కనీసం పరిగెత్తను కూడా లేదు. సోమవారం పెద్దల సభకి రమ్మని కబురొచ్చింది. నువ్వొచ్చి ఏం చేస్తావో నాకు తెలీదు గానీ, రా."

ఆ పుస్తకం పేరు 'చేపలపెట్టెలో పెద్దాయన'. మోయెలంగి ఇంగ్లీషులో రాసింది, ఆక్లండ్‌లో అచ్చయింది. కథ ఇది. ఒక ద్వీపంలో ఒక ఊరు కొత్త చర్చి కట్టుకుంటుంది. ప్రారంభోత్సవానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ పిలుస్తారు, పందుల్ని మేపుతారు, పాటలు నేర్చుకుంటారు. తీరా ముహూర్తం ముందు ఊరిపెద్ద కన్నుమూస్తాడు. చావు బయటపడితే ఉత్సవం ఆగిపోతుంది, పిలిచినవాళ్ల ముందు తల కొట్టేసినట్టవుతుంది. అందుకని కొడుకు గుట్టుచప్పుడు కాకుండా తండ్రిని చేపల సంఘం వారి పెద్ద ఫ్రీజర్లో పడుకోబెట్టి, పైన చేపలు కప్పేస్తాడు. అతిథులు అదే పెట్టెలో చేపలు లొట్టలు వేసుకుంటూ తింటారు. పెద్దాయన బతికుండగా వంశాల పేర్లు ఎవరైనా తప్పు చెబితే ఊరుకునే రకం కాదు. చచ్చాక కూడా ఊరుకోడు. బయట ఉపన్యాసంలో తప్పు దొర్లినప్పుడల్లా లోపల్నుంచి మూత మీద కొడతాడు.

ఆక్లండ్ పత్రికలు మొదట్లో బాగానే మెచ్చుకున్నాయి. ఒకావిడ కొబ్బరినీళ్లంత తియ్యని హాస్యం అని రాసింది. ఆవిడ పుస్తకం అట్ట మాత్రమే చూసినట్టుంది. ఒక ప్రొఫెసరుగారు ఆ ఫ్రీజర్ అంటే సామ్రాజ్యవాదమనీ, చేపలంటే మనమనీ తేల్చారు. మరి మూత ఏమిటో ఆయన చెప్పలేదు. అందరికంటే చివర ప్యాట్రిక్ లోడర్ అనే పేరుమోసిన విమర్శకుడు పూనుకుని పుస్తకాన్ని ఉతికి ఆరేశాడు. అది చదివిన రోజు మోయెలంగి బడికి వెళ్లలేదు, మంచం మీంచి లేవలేదు. పత్రికలోంచి ఆ ముక్క కత్తిరించి చేతిసంచిలో పెట్టుకుంది. పారేద్దామనుకుంటూనే అక్కడికీ ఇక్కడికీ మోస్తూ వచ్చింది.

ఊళ్లో పుస్తకం మొదట నవ్వులే పండించింది. చాపలల్లే చోట పాస్టరుగారి కూతురు ఒక్కో పేజీ ఊరి భాషలోకి మార్చి చెబుతుంటే ఆడవాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారట. ఆ నవ్వులు విని ఫంగలీలో అనే ఊరిపెద్ద పుస్తకం ఒకసారి తెప్పించుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఊళ్లో ఎవరూ నవ్వలేదు.

పడవ దిగి, ఊరున్న సవాయి దీవి రేవులో బస్సెక్కినప్పుడే మోయెలంగికి సంగతి అర్థమైంది. ఆ బస్సుల్లో సీటు లేకపోవడం అంటూ ఉండదు. ఎక్కిన మనిషిని ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. ఆ రోజు బస్సు సగం వాయితోమా వాళ్లే. చిన్నప్పుడు ఆమె జుట్టుకి నూనె రాసిన పిన్ని కూడా అందులో ఉంది. ఒక్కరూ చెయ్యి చాపలేదు. పిన్ని కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఊరొచ్చేదాకా మోయెలంగి కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది, ఆమెకి ఏడుపొచ్చింది, భయం కూడా వేసింది.

పుస్తకంలోని ఊరిపెద్ద కొడుక్కి ఫంగలీలో బొజ్జలాంటి బొజ్జ పెట్టింది తను. కోపం దానికే అనుకుంది. బొజ్జ గురించి క్షమాపణ ఎలా చెప్పుకోవాలో దారిపొడుగునా మాటలు కూర్చుకుంది.

"బొజ్జా!" అంది సూలా, ఆ మాట వినగానే. "బొజ్జకి ఎవరైనా ఇల్లు కాలుస్తారా? సంబరపడతారు గానీ. కుర్రాళ్లు కిరసనాయిలు డబ్బాలు తెచ్చి సభామండపం వెనక పెట్టారు, నా కళ్లతో చూశాను. సభ వెళ్లగొట్టమంటే సాయంత్రం ప్రార్థన లోపల మేము ఊరు దాటాలి. మీ నాన్న సమాధి ఇంటిముందే ఉంది. దాన్ని నెత్తిన పెట్టుకుని పోతామా?"

ఎతువాతి గుమ్మంలో కూర్చుని కొబ్బరిపీచు పేనుతున్నాడు. చెల్లెలి ముందు అన్న గట్టిగా మాట్లాడకూడదు, నొప్పించే మాట అసలే అనకూడదు. అది వాళ్ల పద్ధతి. అతను ఆ పద్ధతిని ఎంత పాటించేవాడంటే, ఆమె వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నా తలెత్తలేదు.

"కోపం వచ్చిందా అన్నయ్యా?"

"పడవలో అలలెక్కువున్నాయా?" అన్నాడు. మళ్లీ పీచు పేనడంలో పడ్డాడు.

మర్నాడు పొద్దున సభామండపంలో పెద్దలు ఎవరి స్తంభానికి వాళ్లు ఆనుకుని కూర్చున్నారు. సభ మొదట్లో తాగే ఆవా వేరు పానీయం కలిపారు, ఒక్కో బిరుదూ పిలిచి కొబ్బరిచిప్ప అందించారు. ఎతువాతి బిరుదు పిలవలేదు. అతను మండపం అంచున, గులకరాళ్ల మీద కూర్చున్నాడు. పక్కనే మోయెలంగి. ఊరి తరఫున మాట్లాడే తావిలి, ముసలాయన, భుజాన ఈగలు తోలే చామరం వేసుకుని లేచాడు.

"పట్నంలో చదువుకున్న మా ఆడబిడ్డ పుస్తకం రాసింది. సంతోషం. ఊరినంతా నవ్వులపాలు చేసింది. దానికేం, నవ్వడం మాకూ వచ్చు. కానీ అతిథులకి మేము శవాన్ని కప్పిన చేపలు పెట్టామని రాసింది! రేపు పక్క ఊరివాళ్లు మా ఇంట భోజనానికి కూర్చుంటే కంచంలోకి ఎలా చూస్తారు? చెప్పండి!"

ఫంగలీలో చెయ్యి ఎత్తాడు. తావిలి కూర్చున్నాడు.

"రాసిన పిల్లని నేనేమీ అనను," అన్నాడు ఫంగలీలో. గొంతు మెత్తగా ఉంది. "చిన్నప్పటి నుంచీ పట్నంలో మేనత్త దగ్గర పెరిగింది. ఇక్కడి సంగతులు దానికేం తెలుసు? ఇలాంటి అబద్ధం ఊళ్లోంచే ఎవరో మోసుకెళ్లి చెప్పి ఉంటారు. చెప్పినవాడెవడో నాకు కావాలి. వాడికీ వాడి ఇంటికీ ఈ ఊళ్లో చోటు లేదు."

అతను చూస్తున్నది మోయెలంగిని కాదు, ఎతువాతిని. ఎతువాతి తల వంచుకున్నాడు. కాదనలేదు, నాకేం తెలుసనలేదు, వట్టి అబద్ధమని కూడా అనలేదు.

అప్పుడు మోయెలంగికి తట్టింది. పాత ఫంగలీలో, ఈయన తండ్రి, ఈ ఊరి చర్చి ప్రారంభోత్సవం అయిన తర్వాతి వారమే పోయాడని అందరూ చెప్పుకునేవారు. ఆ రోజుల్లో పెళ్లికాని కుర్రాడు ఎతువాతి, చేపల సంఘం కొట్టానికి కాపలా. తను ఆపియాలో చిన్న క్లాసు చదువుతోంది. తను నవ్వొస్తుందని కల్పించి రాసింది ఇక్కడ నిజంగానే జరిగింది. ఎవరూ ఆమెకి చెప్పలేదు. కానీ ఎవరూ చెప్పలేదంటే ఈ మండపంలో నమ్మే మనిషి ఒక్కడూ లేడు.

"పెద్దయ్యా, నాకెవరూ చెప్పలేదు," అంది. "నేనే అల్లాను. దయ్యాలాటలో అల్లినట్టు."

దయ్యాలాట అంటే ఊళ్లో ఆడే హాస్యనాటకం, అందులో విదూషకుడు ఎవరిని వెక్కిరించినా ఎవరికీ కోపం రాకూడదు. మాట్లాడేది అతను కాదు, మీదికొచ్చిన దయ్యం.

"దయ్యాలాట ఆడేవాడు మా ఎదురుగా నిలబడి ఆడతాడమ్మాయ్!" అన్నాడు తావిలి వెంటనే. "మేము నవ్వకపోతే చెమటలు పట్టేది వాడికే. నువ్వు సముద్రం అవతల ఆడి, చప్పట్లు కూడా అక్కడే కొట్టించుకున్నావు. అది ఆట కాదు, చాటున నవ్వడం."

ఆ మాట నిజం. ఆమెకి సూటిగా తగిలింది. ఆక్లండ్‌లో ఇన్ని పేజీలు రాసిన వాళ్లలో ఒక్కడికీ ఈ ముక్క తోచలేదు.

"అయితే ఇక్కడే ఆడతాను," అంది లేస్తూ. "తాతా, నీ కళ్లజోడు ఓసారియ్యి."

తావిలి ఏమీ ఆలోచించకుండా తీసిచ్చేశాడు, ఇచ్చాక నాలిక్కరుచుకున్నాడు. వెనక కుర్రాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మోయెలంగి లుంగీని తెల్లవాళ్ల నిక్కరులా మోకాళ్ల పైకి ఎగ్గట్టింది, కళ్లజోడు ముక్కు కొసకి దించింది, పొట్ట ముందుకు తోసి మండపం మధ్యలో నాలుగడుగులు వేసింది. చేతిసంచిలోంచి ఆ పత్రిక ముక్క తీసింది.

"నేను ప్యాట్రిక్ లోడర్ దొరని. ఆక్లండ్ నుంచి వచ్చాను. పుస్తకాలు నమిలి ఉమ్మడం నా వృత్తి."

"అయ్యో పాపం, చేమదుంపలు దొరకవా దొరా?" అన్నారెవరో వెనక నుంచి.

"దొరుకుతాయి, అరగవు. ఈ మోయెలంగి అనే పిల్ల పుస్తకం మొన్న నమిలాను. నోరంతా చేదు!" ఆమె కాగితం మొహానికి ఆనించి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో ముక్కుతో చదవడం, తర్వాత ఊరి భాషలో చెప్పడం. ఎక్కడా ఒక్క మాట మార్చలేదు, తనకి తగిలిన ఒక్క దెబ్బ కూడా దాచుకోలేదు. "ఈ రచయిత్రికి తన సొంత ఊరే తెలియదు. ఉన్న చోట కూర్చుని ఊహించుకుంది. వాక్యాలు కుంటుతాయి. హాస్యం బడిపిల్లల స్థాయి."

నవ్వులు మొదలయ్యాయి. నవ్వుతున్నది ఆమెని చూసే. ఆమెకి చెవులు వేడెక్కాయి. ఆ మాటలకే మంచం పట్టిన మనిషి ఇప్పుడు వాటినే నాట్యంలా తిప్పి తిప్పి చెబుతోంది.

"శవాన్ని చేపల మధ్య దాచారట! ఇంత దైవభక్తి గల జనం అలాంటి పని చేస్తారంటే పసిపిల్ల కూడా నమ్మదు. ఇది మొదటి నుంచి చివరిదాకా ఈమె బుర్రలో పుట్టిన చవకబారు కట్టుకథ. ఊళ్లో ఒక్కరిని అడిగినా ఈ తప్పు జరిగేది కాదు!"

ఫంగలీలో బొజ్జ ఒకసారి కదిలింది.

"అన్నిటికంటే ఘోరం," అంది ఆమె వేలెత్తి, "చచ్చినవాడు లోపల్నుంచి కొట్టడం!" పక్కనున్న స్తంభం మీద పిడికిలితో టకటకా కొట్టింది. "ఎవర్రా అక్కడ? మా ముత్తాత పేరు తప్పు పలికిందెవడ్రా?"

మండపం ఘొల్లుమంది. తావిలి చామరం కింద పడేసుకుని కళ్లు తుడుచుకున్నాడు. చేపలపెట్టె మాట వింటేనే పెదవి బిగించే ఫంగలీలో కూడా తల వెనక్కి వేసి, పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. ఆ నవ్వులో దాపరికమేమీ లేదు, మనసారా నవ్వాడు. మోయెలంగి ఇంకోసారి కొట్టింది, ఇంకా గట్టిగా. అప్పుడు చూసింది అన్నయ్యని. ఎతువాతి నవ్వడం లేదు. గులకరాళ్ల మీద వంగిపోయి కూర్చున్నాడు, పెదాలు మాత్రం ఏదో పాడుతున్నట్టు కదులుతున్నాయి.

నవ్వులు సద్దుమణిగాక ఫంగలీలో తేరుకుని చెప్పాడు.

"ఆ తెల్లదొర తెలివైనవాడు. మనల్ని అడిగి ఉంటే మనమే చెప్పేవాళ్లం, ఇక్కడ అలాంటిది జరగదని. ఏం ఎతువాతీ?"

"జరగదు పెద్దయ్యా," అన్నాడు ఎతువాతి.

"ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు."

"చెప్పలేదు పెద్దయ్యా."

ఊరిని ఊరికే నవ్వించినందుకు ఒక పంది, కొన్ని పెట్టెల చేపడబ్బాలు జరిమానా. అంతే. చేపడబ్బాలు అన్న మాటకి మళ్లీ నవ్వులు లేచాయి. ఎతువాతి బిరుదు పిలిచి కొబ్బరిచిప్ప అందించారు. తావిలి కళ్లజోడు తుడుచుకుంటూ, "వచ్చే ఆదివారం నీ ముక్క నీకొస్తుందిలేరా," అని అతని భుజం తట్టాడు. మండపం వెనక డబ్బాలు కుర్రాళ్లు ఎవరింటికి వాళ్లు పట్టుకుపోయారు. సూలా ఆడబిడ్డని దారిలోనే కావలించుకుని ఏడ్చింది, అంతలోనే తిట్టింది, ఇంటికెళ్లి కోడిని కోసింది.

మోయెలంగి మాత్రం సంబరపడలేకపోయింది. ఎండ వాలాక అన్నయ్య కనిపించకపోతే వెతుక్కుంటూ రేవు వైపు వెళ్లింది. చేపల సంఘం కొట్టం ఎప్పుడో కూలిపోయింది, సిమెంటు అరుగు మిగిలింది. ఎతువాతి దాని మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కాస్త దూరంలో, పద్ధతి ప్రకారం అతనికి ఎదురుపడకుండా కూర్చుంది.

"అన్నం చల్లారిపోతోందని వదిన పిలుస్తోంది."

"స్తంభం మీద కొట్టావు చూడు," అన్నాడు అతను సముద్రం వైపు చూస్తూ.

"ఆఁ."

"అలా కాదది. పిడికిలితో కాదు. అరచేత్తో. మెల్లిగా."

ఆమె తన పిడికిలి విప్పి చూసుకుంది.

"పక్షవాతమొచ్చి పడిపోయాడు పెద్దాయన. ఊపిరి లేదన్నారు. నేనూ చెయ్యి పెట్టి చూశాను, నాకూ తెలీలేదు. పొద్దున్నే తెచ్చి ఇక్కడ పెట్టెలో పడుకోబెట్టాం. మిగతావాళ్లు చర్చికెళ్లారు, నన్నిక్కడ ఉండమన్నారు. పాటలు మొదలయ్యాయి. అప్పుడు." అతను ఆగి, అరచెయ్యి సిమెంటు మీద ఆనించి తట్టి చూపించాడు. చప్పుడు దాదాపు వినపడలేదు. "ఇంజనేమో అనుకున్నాను. ఆ ఇంజను అలాగే కొట్టుకునేది. తర్వాత దయ్యమనుకున్నాను. అక్కడ చర్చిలో పాడుతున్నారు కదా, నేనూ ఇక్కడ కూర్చుని వాళ్లతో పాటు పాడాను. గట్టిగా పాడాను మోయే. భోజనాల వేళకి ఆగిపోయింది."

"ఫంగలీలోకి తెలుసా?"

"తెలిస్తే ఇవాళ అంతలా నవ్వేవాడా?"

అల ఒకటి వచ్చి అరుగు అంచుని తడిపి పోయింది. మోయెలంగి అన్నయ్య వైపు తిరిగింది. పద్ధతీ లేదు ఏమీ లేదు, అతని చెయ్యి పట్టుకుంది. అతను వదిలించుకోలేదు.

"నాకు తెలీదన్నయ్యా. ఒట్టు. నవ్వొస్తుందని రాశాను."

"నువ్వు అబద్ధమాడవులే. ఇంజనే అయ్యుంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. పాస్టరుగారమ్మాయి నీ పుస్తకం చదివి చెప్పాక ఇంక అనుకోలేకపోతున్నాను." మళ్లీ అతనే అడిగాడు. "ఆ అమ్మాయి ఆ చప్పుడు దగ్గరే ఆపేసింది. తర్వాత పుస్తకంలో మూత ఎవరు తీస్తారు?"

ఆ పేజీలు మోయెలంగి తనలో తను నవ్వుకుంటూ రాసింది. లోపల పెద్దాయన కొడుతూనే ఉంటాడు. బయట అందరూ మూత ఎత్తే హక్కు ఎవరిదని వాదించుకుంటారు. కొడుకు తన బిరుదుకి తగదంటాడు, ఉపన్యాసకుడు ముందు ఉపన్యాసం కావాలంటాడు, కాపలావాడు తనకెవరూ ఆజ్ఞ ఇవ్వలేదంటాడు. వాదన తెమిలేలోపు చప్పుడు ఆగిపోతుంది. పుస్తకం మొత్తంలో నవ్వొచ్చే చోటు ఇదొక్కటేనని లోడర్ కూడా ఒప్పుకున్నాడు. సభలో ఆమె చదవకుండా వదిలేసిన వాక్యం అదొక్కటే.

ఇంగ్లీషు రాని మనిషి. ఏం చెప్పినా నమ్ముతాడు. కానీ ఆమె నోటికి అబద్ధం రాలేదు.

"ఎవరూ తియ్యరు," అంది.

ఎతువాతి తలూపాడు. "నాకూ ఎవరూ తియ్యమని చెప్పలేదు," అన్నాడు.

సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదారు. ఆ వేళకి దారిలో ఎవరూ ఉండకూడదు, ఇద్దరూ గబగబా ఇంటికి నడిచారు. సూలా చాప పరిచింది, పిల్లలు కూర్చున్నారు, పాట ఎత్తుకున్నారు. అందరికంటే గట్టిగా పాడింది ఎతువాతి.